పెరట్లో కొలిమి: బ్రేక్ డ్రమ్ము, పట్టా ముక్క, కమాన్ పట్టీతో ఎంతవరకు పోవచ్చు?

అనంత_సుత్తి (అనంతపురం):

అందరికీ నమస్కారం. కమ్మరిపని సరదాగా నేర్చుకుందామని సామాను కూడగట్టుకుంటున్నాను. అమ్మకానికి కాదు, ఇంటికీ తోటకీ కావాల్సిన చిన్న వస్తువులు చేసుకోవడానికే. ఇప్పటికి ఉన్నవి ఇవీ:

లారీ బ్రేక్ డ్రమ్ము, అడుగున ఒకటిన్నర అంగుళం జీఐ పైపు బిగించి ఉంది. గాలికి పాత హెయిర్ డ్రయ్యర్. బొగ్గు సర్కారు తుమ్మది, బట్టీ దగ్గర బస్తాల లెక్కన దొరుకుతుంది. సుత్తి ఒక కిలోది. దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) లేదు. గుజిరీ అంగట్లో రైలు పట్టా ముక్క ఒకటి చూపించారు, అడుగున్నర పొడవు. ఇల్లు కట్టగా మిగిలిన 12 ఎంఎం టీఎంటీ కమ్మీలు, ఒక లారీ కమాన్ పట్టీ (బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీ) కూడా ఉన్నాయి.

డ్రమ్ము నిండా బొగ్గు పోసి డ్రయ్యర్ పెడితే నిప్పురవ్వలు ఇంతెత్తున లేస్తున్నాయి, బొగ్గు ఇట్టే అయిపోతోంది, కమ్మి మాత్రం ఎరుపు దాటి పసుపుకు రావడం లేదు. పైగా నల్ల పెచ్చు దండిగా కడుతోంది.

కొలిమిలో ఏం మార్చాలి? పట్టా ముక్క కొనొచ్చా? కొంటే పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? పట్టకారు కొనాలా, చేసుకోవచ్చా? ముందే కమాన్ పట్టీతో కత్తి మొదలుపెడితే ఎలా ఉంటుంది? షెడ్డులో నేలకు కడప బండలు పరిచి ఉన్నాయి, వాటి మీదే కొలిమి పెట్టొచ్చా?

---

తాడిపత్రి_ఫిట్టర్:

బండల ప్రశ్న చివర్లో అడిగారు గానీ జవాబు ముందు దానికే, కళ్ళకు సంబంధించింది కాబట్టి. వాటి మీద పెట్టొద్దు. కడప బండైనా బేతంచెర్ల బండైనా పొరలు పొరలుగా ఉండే సున్నపురాయే. సెగ తగిలితే పొరల్లోని తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. సిమెంటు గచ్చు కూడా అంతే, ఎర్రటి ముక్క జారిపడితే టప్పుమని పేలుతుంది. కొలిమికీ దాగలికీ మధ్య, వాటి చుట్టూ ఒక నాలుగడుగుల మేర బండలు లేపి మన్ను నేల వదిలేయండి. లేపడం కుదరకపోతే మూడంగుళాల ఇసుక పోయండి.

జీఐ పైపు కూడా తీసేయండి. దాని మీద ఉండేది జింకు పూత. 907 డిగ్రీలకు జింకు మరుగుతుంది, కొలిమి మూతి దగ్గర అంత వేడి సులభంగా వస్తుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. పూత లేని నల్ల ఇనప పైపు వాడండి.

ఇక అసలు సంగతి. లారీ డ్రమ్ము లోపల దాదాపు పదహారు అంగుళాల వెడల్పు ఉంటుంది. రాతిబొగ్గుకైతే అది పనికొస్తుంది. మధ్యలో మంట పెట్టి, చుట్టూ తడి బొగ్గు పేర్చి, అది కోక్ (పొగంతా పోయి మిగిలే గట్టి బొగ్గు) అయ్యేకొద్దీ లోపలికి తోసుకుంటారు. తుమ్మబొగ్గు అలా ఆగదు, గాలి ఎంత దూరం పోతే అంత దూరం అంటుకుంటుంది. అంటే మీ బొగ్గులో ముప్పాతిక భాగం కమ్మికి దూరంగా, ఊరికే కాలిపోతోంది. మంట వెడల్పు తగ్గించి లోతు పెంచాలి, గాలి తగ్గించాలి. ఈ మూడూ చేస్తే అదే డ్రయ్యర్‌తో పసుపు దాకా వస్తుంది.

డ్రమ్ము అడుగు రంధ్రానికి రేకు ముక్క వేసి మూసేయండి. గాలి పక్క నుంచి రావాలి. పోత ఇనుము డ్రిల్లుకు బాగానే తెగుతుంది. గుండ్రంగా చిన్న రంధ్రాలు వేసుకుంటూ పోయి, మధ్య ముక్కను ఆకురాయితో రాసి ఊడదీయండి. సుత్తితో బాదితే డ్రమ్మే పగులుతుంది. ఆ రంధ్రంలోంచి అంగుళం లోపలి వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న నల్ల పైపు దూర్చండి.

లోపల పూతకు పుట్టమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, జల్లించిన బూడిద అరపాలు. నల్లరేగడి మాత్రం తేవద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే వేలు పట్టేంత నెర్రెలిస్తుంది. నీళ్ళు తక్కువ పోసి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచేంత గట్టిగా కలపండి. అడుగున మూడంగుళాలు దట్టించి, దానిపైన పొడుగు దోనె ఆకారంలో గుంత వదలండి. పైపు మూతి దగ్గర నాలుగంగుళాల వెడల్పు, పైన ఆరు, పొడవు ఎనిమిది. పైపు మూతి గుంత అడుగుకు రెండంగుళాలు ఎత్తులో ఉంటే కింద బూడిద చేరడానికి చోటు ఉంటుంది. మూతికి పైన ఐదంగుళాల లోతు తప్పనిసరి. పైపు కొన మంటలోకి పొడుచుకు రాకూడదు, మన్ను గోడకు అంగుళం వెనకే ఆగాలి. లేకపోతే కొన కరిగి కరిగి పైపు పొట్టిదవుతూ పోతుంది.

నీడలో ఆరనిచ్చి, తర్వాత పుల్లలతో చిన్న మంట వేసి మెల్లగా కాల్చండి. తడి మీద పెద్ద మంట వేస్తే పూత పెట్లి ఊడిపోతుంది. ఆరాక వచ్చే సన్న పగుళ్ళకు అదే మన్ను పల్చగా పూస్తే చాలు.

నల్ల పెచ్చు ఎందుకు కడుతోందంటే, పైపు మూతి ఎదురుగా ఇంకా ఖర్చు కాని గాలి ఉంటుంది. కమ్మి అక్కడ ఉంటే గాలి ఇనుమునే తింటుంది. మూతికి పైన మూడంగుళాల ఎత్తుకొచ్చేసరికి గాలిలోని ప్రాణవాయువు బొగ్గులో ఖర్చైపోయి ఉంటుంది, వేడి మాత్రం నిండుగా ఉంటుంది. కమ్మి పడుకోవాల్సింది అక్కడ, కింద మూడంగుళాల బొగ్గు, పైన రెండంగుళాల బొగ్గు కప్పి. కమ్మిని కొనతో కిందికి గుచ్చడం మానేసి అడ్డంగా పెట్టండి. బొగ్గు కాలేకొద్దీ కమ్మి కిందికి దిగుతుంది కాబట్టి కాక కాకకూ, అంటే కాల్చిన ప్రతిసారీ, ఎత్తు సరిచూసుకోవాలి.

డ్రయ్యర్ మూతిని పైపుకు అతికించవద్దు. అంగుళం, అంగుళంన్నర ఎడం ఉంచి, ఆ ఎడంతోనే గాలి తగ్గించండి, పెంచండి. బొగ్గులు ఎగిరి కదులుతుంటే గాలి ఎక్కువైనట్టు. డ్రయ్యర్ విప్పి లోపలి కాయిల్ తీసేయమని కొందరు చెప్తారు, తీయకండి. చాలా డ్రయ్యర్లలో మోటారు తక్కువ వోల్టేజిది, కాయిల్‌లో ఒక భాగం గుండానే దానికి కరెంటు దిగుతుంది. కాయిల్ తెంపితే తిరగదు, నేరుగా కలిపితే కాలిపోతుంది. చల్లగాలి మీట ఉంటే దాని మీదే నడపండి. కొన్నాళ్ళకు చేత్తో తిప్పే బ్లోయర్ కొనుక్కోండి. చెయ్యి ఆపితే గాలి ఆగుతుంది, అంతకన్నా మంచి రెగ్యులేటర్ లేదు.

బొగ్గు అంగుళం నుంచి అంగుళంన్నర ముక్కలుగా కొట్టి, పొడి జల్లించి పారేయండి. పొడి గాలి దారిని మూసేస్తుంది. విరిస్తే గోధుమరంగు కనిపించే ముక్క సగం కాలింది, పొగ వేస్తుంది, చిటపటమని ఎగురుతుంది, దాన్ని పక్కన పెట్టండి. అంచుల మీద అప్పుడప్పుడు చెంబుతో నీళ్ళు చిలకరిస్తే మంట మధ్యకే పరిమితమవుతుంది. ఈ సైజు కొలిమికి గంటకు సుమారు రెండు కిలోల బొగ్గు పడుతుంది.

పని ఆపినప్పుడు డ్రయ్యర్‌ను పైపు దగ్గర నుంచి దూరం జరపండి, మండే వాయువు వెనక్కి పైపులోకి వస్తుంది. షెడ్డు కనీసం రెండు వైపులు గోడ లేకుండా తెరిచి ఉండాలి, బొగ్గు విషవాయువుకు వాసన ఉండదు.

---

గుంతకల్లు_మెకానిక్:

పట్టా గురించి నేను చెప్తా. కొనొచ్చు, కానీ బిల్లుతోనే. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. అనుమానం వస్తే, అది సక్రమంగా వచ్చిందని చూపించాల్సిన బాధ్యత దగ్గర పెట్టుకున్న వాడిదే. వేలంలో కొన్నానని అంగడాయన నోటిమాట చెప్తే సరిపోదు, కాగితం మీ చేతికి రావాలి. ఇవ్వనంటే అక్కడే వదిలేయండి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పట్టాలు ఎక్కువగా మీటరుకు 52 కిలోలు, 60 కిలోలు. అడుగున్నర ముక్క మొదటి రకమైతే 23 కిలోల పైచిలుకు, రెండో రకమైతే 27. మొదట్లో ఇది చాలు.

కోసిన చివర పైకి వచ్చేలా నిలబెట్టండి. పడుకోబెడితే అందంగా, చూడ్డానికి దాగలిలా ఉంటుంది, నిజమే. కానీ తల కింద ఉండే నడుం మందం 15, 16 ఎంఎం మాత్రమే. సుత్తి దెబ్బకు అది స్ప్రింగులా ఊగి దెబ్బను తినేస్తుంది, చెవులు పగిలేలా మోగుతుంది. నిలబెడితే దెబ్బ కింద అడుగున్నర ఇనుము ఉంటుంది. పైన దొరికే చోటు తక్కువే, 52 కిలోల రకంలో తల భాగం 67 ఎంఎం వెడల్పు. కానీ ఒక కిలో సుత్తి మొహం ఎంత ఉంటుంది? అంతకన్నా పెద్ద చోటు చిన్న పనులకు అక్కర్లేదు. నడుం అంచును గ్రైండర్‌తో గుండ్రంగా చేసుకుంటే సాగదీయడానికి పనికొస్తుంది, పాదం (పట్టా అడుగున ఉండే వెడల్పు భాగం) ఒక అంచును పదునుగా రాసుకుంటే వేడి కమ్మిని తెంచే ఉలి అవుతుంది. ఒకే ముక్కలో మూడు పనిముట్లు.

గ్యాసుతో కోసిన మొహమైతే పైన రెండు మూడు ఎంఎం రాసి పారేయాలి, కోతకు అంచు పెళుసై చిట్లుతుంది. సుత్తి మొహం అంచులు కూడా గుండ్రం చేయండి. కొత్త సుత్తి అంచు పదునుగా ఉండి ఎర్రటి ఇనుము మీద నెలవంక గాట్లు పెడుతుంది, అవి ఎన్ని కాకలకూ పోవు.

బిగించడానికి చుట్టూ నాలుగు మందపాటి పలకలు పెట్టి బోల్టులు బిగించి, సందుల్లో ఇసుక కూరండి. లేదా తుమ్మ, చింత మొద్దులో గుంత తొలిచి దించండి. మొద్దు అడుగు భాగాన్ని నేలలో ఒక అడుగు పాతితే ఊగదు. ఎత్తు మాత్రం కొలుచుకోవాలి. నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చెయ్యి వదిలేస్తే మెటికలు తగిలేంత ఎత్తులో మొహం ఉండాలి. అంతకన్నా తక్కువైతే నడుం పోతుంది, ఎక్కువైతే భుజం పోతుంది.

బిల్లు దొరక్కపోతే బాధపడొద్దు. తాడిపత్రి, యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల పాత షాఫ్టులు గుజిరీకి వస్తుంటాయి. 100 ఎంఎం షాఫ్టు ముక్క ఒక అడుగు నిలబెడితే 18 కిలోలు దాటుతుంది, మొహం పట్టా కన్నా పెద్దది. లేత్‌లో ఒక చివర సాపు చేయించుకుంటే చాలు. తీసుకునే ముందు బేరింగ్ గుండు ఒకటి జేబులో వేసుకుపోండి. పది అంగుళాల ఎత్తు నుంచి మొహం మీద వదిలితే ఏడెనిమిది అంగుళాలు లేస్తే మంచి ముక్క. మూడు నాలుగుకే పడిపోతే మెత్తది, వాడితే గుంటలు పడుతుంది.

---

పొద్దుటూరు_కొలిమి:

పైవాళ్ళు చెప్పింది సరిపోయింది. ఇక ఏం చేయాలన్న దానికి వస్తా.

టీఎంటీ కమ్మిని మొదటి ముక్కగా తీసుకోవద్దు. దాని గట్టిదనం చాలావరకు పైపొరను మిల్లులో నీటితో చల్లార్చడం వల్ల వచ్చింది, ఒకసారి ఎర్రగా కాలిస్తే అది పోతుంది. పైన ఉన్న గీతలు దెబ్బకు లోపలికి మడతపడి పగుళ్ళుగా మిగులుతాయి. కార్బన్ 0.3 శాతం లోపే, కాబట్టి పదును కూడా నిలవదు. కొలిమి గెలికే కడ్డీ, పందిరి కొక్కేలు, మొక్కల ఊతాలు, ఇలాంటివాటికి సరే. నేర్చుకోవడానికి 8, 10 ఎంఎం నున్న కమ్మి, 25×6 పట్టీ కొనండి.

పట్టకారు లేకుండానే మొదలుపెట్టొచ్చు. రెండడుగుల కమ్మి అయితే చేత్తోనే పట్టుకోవచ్చు, కొన తయారయ్యాక చివర తెంచుకుంటారు.

మొదటిది కొక్కెం. దీంట్లో నేర్చుకోవాల్సింది కొన తీయడం ఒక్కటే, కానీ అక్కడే అందరి పనీ చెడుతుంది. గుండ్రటి కమ్మిని గుండ్రంగా తిప్పుతూ కొడితే పైతోలు సాగుతుంది, లోపలి ఇనుము కదలదు. కొన చేప నోరులా తెరుచుకుని మధ్యలో పగులు వస్తుంది. ముందు కొనను పలకలుగా, అంటే నాలుగు మొహాలుగా కొట్టాలి. కొట్టి ఒక పావు మలుపు, మళ్ళీ కొట్టి వెనక్కి పావు మలుపు, అంతే. కొన సన్నబడ్డాక నాలుగు మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాతే గుండ్రం. కమ్మిని దాగలి దూరపు అంచు మీద పెట్టి, వెనక చెయ్యి కాస్త ఎత్తి, కొనకు అడ్డంగా కొట్టాలి. నడి దాగలి మీద కొడితే కొన పొడవవుతుంది గానీ వాలు రాదు. ముదురు ఎరుపుకు దిగగానే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టండి. ఇంకొక్క దెబ్బ అనుకున్నదే పగులు తెస్తుంది.

తర్వాత పట్టకారు. 25×6 పట్టీ రెండు ముక్కలు, ఒక్కోటి 45 సెంటీమీటర్లు. ఒక చివర నుంచి ఐదు సెంటీమీటర్లు దవడ, తర్వాత మూడు సెంటీమీటర్లు మెలికకు, ఆ తర్వాత రెండు సెంటీమీటర్ల దగ్గర 8 ఎంఎం రంధ్రం. మెలిక చోటును నారింజరంగు దాకా కాల్చి, దవడను వైస్‌లో బిగించి, పెద్ద రెంచితో పావు మలుపు తిప్పండి. రెండు ముక్కల్నీ ఒకే వైపు తిప్పాలి. కుడి ఎడమ చేతుల్లా ఎదురెదురుగా చేస్తే కలిపినప్పుడు దవడలు కలవవు. పట్టకారు రెండు సగాలూ అచ్చంగా ఒకటే, ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద పెడతామంతే. రంధ్రం వెనక మిగిలిన పొడవును సన్నగా సాగదీస్తే పిడులు. సాగదీయడం విసుగనిపిస్తే అక్కడ 10 ఎంఎం కమ్మి వెల్డు చేసినా తప్పు లేదు, కమ్మరిపనిలో వెల్డింగు పాపమనేవాళ్ళ మాట పట్టించుకోకండి.

రివెట్టుకు 8 ఎంఎం నున్న కమ్మి. రెండు పట్టీల మందం 12 ఎంఎం, ప్రతి వైపు 12 ఎంఎం చొప్పున బయటికి వదిలితే తల సరిగ్గా వస్తుంది. ఎర్రగా కాల్చి తల కొట్టగానే కీలు బిగుసుకుపోతుంది, భయపడొద్దు. కీలును మళ్ళీ ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉండండి. చివరగా దవడలను కాల్చి, పట్టుకోబోయే 10 ఎంఎం కమ్మిని మధ్యలో పెట్టి నొక్కితే ఆ సైజుకు కుదురుతాయి. ఒక్కో సైజుకు ఒక్కో పట్టకారు కావాలి. పట్టు వదులైన పట్టకారుతో పని చేయడమంటే ఎర్రటి ముక్కను ఎదుటివాడి మీదకు విసిరినట్టే.

మూడోది అట్లకాడ. ఇంట్లోవాళ్ళు మెచ్చుకునేది ఇదొక్కటే కాబట్టి త్వరగా చేసేయండి. 25×5 పట్టీ 24 సెంటీమీటర్లు. కొన నుంచి తొమ్మిది సెంటీమీటర్లు రేకుకు, మిగిలింది పిడికి. సుత్తి అడ్డమొహంతో (వెనక వైపు ఉండే సన్నటి అంచుతో), దాని గీత పట్టీ పొడవు వెంటే ఉండేలా కొడితే ఇనుము పక్కలకు పోతుంది. అడ్డంగా కొడితే పొడవవుతుంది. 25×5 అంటే కోతలో 125, దాన్ని 75 వెడల్పుకు తెస్తే మందం 1.6 దగ్గర ఆగుతుంది, అట్లకాడకు అది సరైన మందం. పిడి వైపు 10×6కు సాగదీస్తే 15 సెంటీమీటర్లు 30 దాటుతుంది. రేకు మూడు ఎంఎం కిందికి వచ్చాక జాగ్రత్త, కొలిమిలో పెట్టి పక్కకు చూస్తే అంచులు మెరిసి రవ్వలు చిమ్ముతూ కాలిపోతాయి. అక్కడి నుంచి గాలి సగం చేసి, ఒక్కో కాకకు ఐదారు దెబ్బలే. పెచ్చు గీకి, వేడిగా ఉండగానే వేరుశనగ నూనె పల్చగా రాస్తే నల్లటి పూత పడుతుంది.

---

అనంత_సుత్తి:

చాలా ఉపయోగం. జీఐ పైపు విప్పేశాను. పట్టాకు బిల్లు లేదన్నారు, షాఫ్టు ముక్క వెతుకుతాను.

కమాన్ పట్టీ ప్రశ్న మిగిలింది. తోటకు కలుపు తీసే తొలిక ఒకటి, వంటింటికి చిన్న కత్తి ఒకటి చేయాలని ఉంది. లారీ పట్టీ మందం 12 ఎంఎం ఉంది. గట్టిపరచడానికి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలా, నూనెలోనా? పాత ఇంజిన్ ఆయిల్ ఊరికే దొరుకుతుంది.

---

డోన్_కమాన్‌షెడ్:

12 ఎంఎం పట్టీని ఒక కిలో సుత్తితో, ఒంటి మనిషి సాగదీయడం దండగ పని. పక్కన సమ్మెట కొట్టే మనిషి ఉంటే వేరు. 44వ నెంబరు హైవే పొడుగునా కమాన్ కట్టలు మార్చే షెడ్లు ఉన్నాయి, చిన్న ట్రాలీ బండ్ల పట్టీ అడగండి, 6, 7 ఎంఎం ఉంటుంది. గ్రైండర్‌తో నిలువుగా 25 ఎంఎం వెడల్పు ముక్కలు కోసుకోండి.

విరిగిన పట్టీ కన్నా వాడకం తక్కువైన పట్టీ మేలు. ఏదైనా సరే పగుళ్ళు చూడాలి. తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, కిరోసిన్ పూసి కాసేపు ఉంచి, గుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్ద మీద గీత కనిపిస్తుంది. మధ్య బోల్టు రంధ్రానికి రెండు వైపులా ఐదు సెంటీమీటర్లు లెక్కలోంచి తీసేయండి, పగుళ్ళు ఎక్కువ పుట్టేది అక్కడే.

కమాన్ పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం, దాంతో పాటు సిలికాన్, మాంగనీసు లేదా క్రోమియం ఉంటాయి. అందుకే నూనె చాలు. నీళ్ళలో ముంచితే పైపొర ఒక్కసారిగా బిగిసి, లోపలిది ఇంకా వేడిగా ఉండి, అంచు దగ్గర టింగుమని పగులుతుంది. కొన్నిసార్లు మరుసటి రోజు పగులుతుంది.

కొట్టేటప్పుడు నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా పని, తెల్లగా పోనివ్వొద్దు. మన ఎండలో ఇదే పెద్ద చిక్కు. ఆరుబయట మధ్యాహ్నం నారింజరంగు ఇనుము కూడా మసిగా కనిపిస్తుంది, ఇంకా కాలలేదనుకుని కాల్చేస్తారు. నీడ ముదురుగా ఉన్న మూల ఒకటి చూసుకోండి, లేదా పొద్దున పొద్దున్నే పని పెట్టుకోండి.

ఆకారం వచ్చాక ముంచడానికి ముందు ఉక్కును నెమ్మదింపజేయాలి. అయస్కాంతం పట్టనంత వేడికి తెచ్చి గాలిలేని చోట ఊరికే చల్లారనివ్వడం, ఇలా మూడుసార్లు, ఒక్కోసారి వేడి కాస్త తగ్గిస్తూ. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎక్కువ కాలిన ఉక్కు లోపలి రవ్వ (ఉక్కులోని సన్న పలుకులు) పెరిగి ఉంటుంది, అలాగే ముంచితే పెళుసు. సరిచూసుకోవడానికి అదే పట్టీ నుంచి సన్న ముక్క ఒకటి వెంట కాల్చి, ముంచి, వైస్‌లో పెట్టి విరవండి. విరిగిన చోట చక్కెర పలుకుల్లా తళతళలాడితే రవ్వ పెరిగినట్టు. బూడిదరంగులో నున్నగా ఉంటే సరిగా ఉన్నట్టు. అదే ముక్క మీద ముందుగా ఆకురాయి రాసి చూడండి, జారిపోతే గట్టిపడింది, కొరికితే వేడి చాలలేదు.

ముంచే వేడి: 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటదు. కమాన్ పట్టీకి అది దాటి ఇంకొక్క ఛాయ పైకి, 850 దగ్గరికి రావాలి. అంటడం మానిన వెంటనే ముంచితే సగం గట్టిపడుతుంది. కత్తి అంతా ఒకే రంగులో ఉండాలి, కొన ముందే కాలిపోతుంది కాబట్టి ముందుకు వెనక్కి లాగుతూ కాల్చండి. నూనెను 50, 60 డిగ్రీలకు వేడి చేసుకోండి, పల్చబడి వేగంగా వేడి లాగుతుంది. చల్లటి నూనె చిక్కగా ఉండి ఆలస్యం చేస్తుంది. నిలువుగా కొనతో దించి, ముందుకు వెనక్కి కోస్తున్నట్టు కదపండి. పక్కలకు కదిపితే వంగిపోతుంది.

తర్వాత ఆలస్యం లేకుండా పదును దించాలి, అంటే మళ్ళీ కొద్దిగా వేడిచేసి గట్టిదనం కాస్త తగ్గించాలి, లేకపోతే గాజులా ఉంటుంది, కింద పడితే ముక్కలు. కత్తికైతే కరెంటు ఓవెన్‌లో 200 నుంచి 220 డిగ్రీల మధ్య గంట చొప్పున రెండుసార్లు. ఓవెన్ లేకపోతే పెనం మీద రెండంగుళాల ఇసుక పోసి వేడిచేసి, ఒక పక్క మెరిసేలా రాసిన కత్తిని పైన పడుకోబెట్టి రంగు చూస్తూ ఉండండి. లేత గడ్డిరంగుకు తీసేస్తే కత్తికి సరి. తొలిక రాళ్ళకు తగిలే పనిముట్టు, దాన్ని ఊదా దాటి నీలం దాకా, అంటే 290, 300 దాకా పోనివ్వండి. పదును త్వరగా పోతుంది, కానీ అంచు చిట్లదు, ఆకురాయితో పొలంలోనే రాసుకోవచ్చు.

అసలు కత్తి కన్నా ముందు అదే పట్టీ ముక్కతో ఒక ఉలి చేయండి. వేడి కమ్మి తెంచడానికి ఎలాగూ కావాలి, గట్టిపరచడం, పదును దించడం రెండూ దాని మీదే చెయ్యి తిరుగుతాయి, చెడినా పోయేది వేలెడు ముక్క. సుత్తి తగిలే చివరను మాత్రం గట్టిపరచకండి. రెండు గట్టి మొహాలు ఢీకొంటే పెచ్చు లేచి కంట్లో పడుతుంది.

---

తాడిపత్రి_ఫిట్టర్:

ఇంజిన్ ఆయిల్ మీద ఒక మాట. వాడేవాళ్ళున్నారు, పని కూడా చేస్తుంది. కానీ వాడేసిన ఆయిల్లో లోహపు పొడి, రసాయనాల మిగుళ్ళు ఉంటాయి, ఆ పొగ పీల్చేది మీరే. వంటింటి కత్తికైతే అసలే వద్దు. మనది వేరుశనగ సీమ, గానుగలో అడుగు నూనె ఐదారు లీటర్లు తెచ్చుకుంటే సంవత్సరాల తరబడి వస్తుంది. చిక్కబడితే గుడ్డలో వడకట్టండి.

డబ్బా ఇనపదే ఉండాలి, కత్తి పొడవు కన్నా నాలుగంగుళాలు లోతుగా. ప్లాస్టిక్ బకెట్టు ఎంత పెద్దదైనా వద్దు. ఎర్రటి ముక్క సగం మునిగి ఆగితే నూనె పైభాగం అంటుకుంటుంది, కాబట్టి పూర్తిగా దించేయాలి, పట్టకారు మూతి కూడా మునిగేలా. అంటుకుంటే మూత వేస్తే చాలు, నీళ్ళు పోయకూడదు. మూత చేతికందే దూరంలో ఉండాలి.

---

గుంతకల్లు_మెకానిక్:

రెండు సంగతులు మిగిలాయి. గుజిరీలో షాక్ అబ్జార్బర్లు చవగ్గా ఇస్తారు. బయటి స్ప్రింగు వరకే తీసుకోండి, లోపలి గొట్టాన్ని కొలిమి దగ్గరకు కూడా తేవద్దు. గ్యాసో ఆయిలో నింపి మూసిన గొట్టం నిప్పులో బాంబే. రెండు వైపులా మూసుకుపోయిన ఏ పైపు ముక్కైనా అంతే.

రెండోది, ఇల్లూ సేద్యం పనులకు కాకుండా 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న పదునైన ఆయుధాలు ఆయుధ నిబంధనల జాబితాలో ఉన్నాయి. తొలిక, కొడవలి, వంటకత్తి చేసుకోండి. వేటకొడవలి సరదా మాత్రం మన జిల్లాల్లో అసలు పెట్టుకోకండి, ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోవడం కూడా.

---

పొద్దుటూరు_కొలిమి:

గాలుల కాలంలో కొలిమి చోటు కూడా చూసుకో అన్నా. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఆగదు, తుమ్మబొగ్గు రవ్వ చాలా దూరం పోతుంది. శనక్కట్టె (వేరుశనగ కట్టె) వామికి, గడ్డివామికి పడమర పక్కన మాత్రం కొలిమి ఉండకూడదు. పడమర వైపు మూడడుగుల ఎత్తు మట్టిగోడ ఒకటి లేపితే రవ్వ ఆగుతుంది, నీ మంట కూడా నిలకడగా ఉంటుంది. ఒంటి మీద నూలు బట్టలే, పాలిస్టర్ రవ్వకు కరిగి తోలుకు అంటుకుంటుంది. సుత్తి పట్టిన చేతికి గ్లవుజు వేసుకోకు, పిడి జారుతుంది. పని అయ్యాక మిగిలిన బొగ్గును బయటికి లాగి నీళ్ళు చల్లి ఆరబెట్టుకో, మరుసటి రోజు ఎండకు ఆరి కొత్త బొగ్గు కన్నా తొందరగా అంటుకుంటుంది.